మైకు ముందు కూర్చున్న ఊరు

రికార్డరును మొదట బోర్లించిన ఇత్తడి బిందె మీద పెట్టారు. అది పొరపాటని పది నిమిషాల్లోనే తెలిసిపోయింది. ఎవరు కాలు కదిపినా, ఎవరి గాజులు తగిలినా బిందె గంటలా మోగుతోంది, ఆ మోతంతా రికార్డింగులోకి పోతోంది. ఒక పెద్దావిడ లేచి ఇంట్లోకి వెళ్లి, మడత పెట్టిన గోనెసంచి తెచ్చి, రికార్డరును దాని మీదికి మార్చి, "ఇగ అడుగు బిడ్డా, ఏం అడుగుతవో" అన్నది. మా జిల్లాలోని ఒక కమ్యూనిటీ రేడియో (చుట్టుపక్కల ఊళ్ల కోసం అక్కడివాళ్లే నడుపుకునే చిన్న రేడియో) వాళ్లు ఆడపిల్లలు ఏడో తరగతి కాగానే బడి ఎందుకు మానుతున్నారన్న విషయం మీద పెట్టిన ముచ్చట అలా మొదలైంది.

నేను ఆ రేడియోలో ఉద్యోగం చేయను. నెలకు రెండు ఆదివారాలు వెళ్లి, వాళ్లు ఊళ్లలో రికార్డు చేసుకొచ్చిన మాటలు విని, ఏ నిమిషంలో ఎవరు ఏమన్నారో నోటుపుస్తకంలో ఎత్తి రాసిపెడతాను, అప్పుడప్పుడు వాళ్లతోపాటు ఊళ్లకు కూడా వెళతాను. ఊరి పేరు గాని రేడియో పేరు గాని ఇక్కడ రాయడం లేదు. ఆ రాత్రి మాట్లాడిన ఆడవాళ్లు రేపు కూడా అదే ఊళ్లో, అదే బోరింగు దగ్గర, అదే వరుసలో నిలబడి నీళ్లు పట్టుకోవాలి.

నిజానికి అది రెండో ప్రయత్నం. మొదటిసారి పంచాయతీ ఆఫీసు ముందు, పగలు పదకొండు గంటలకు, షామియానా కింద కుర్చీలు వేసి పెట్టారు. ముందు వరుస కుర్చీల్లో ఊరి పెద్దమనుషులు కూర్చున్నారు, వెనక వరుసల్లో వాళ్ల తమ్ముళ్లు, బావమరుదులు కూర్చున్నారు, పిలిచిన ఆడవాళ్లలో సగం మంది ఉపాధి హామీ పనిలో ఉండిపోగా వచ్చిన సగం మంది షామియానా గుంజలకు ఆనుకుని నిలబడ్డారు. గంటన్నర రికార్డింగు విని నేను ఎత్తి రాసుకున్న దానిలో ఆడగొంతు ఉన్నది మొత్తం నాలుగు నిమిషాలు, అందులో ఒక నిమిషం అంగన్‌వాడీ టీచరు చెప్పిన స్వాగతం. మిగతాదంతా చదువు గొప్పదనం మీద ఉపన్యాసాలే. ఆడపిల్లల చదువు గురించి ఇంత బాగా మాట్లాడే ఊళ్లో ఆడపిల్లలు బడి ఎలా మానుతున్నారో ఆ గంటన్నర విన్నవారెవరికీ అర్థం కాదు.

అందుకే రెండోసారి రేడియో అమ్మాయిలు మూడు మార్పులు చేశారు. కుర్చీలు తీసేసి జంపఖానాలు పరిచారు. రాత్రి వంటలు, భోజనాలు అయ్యాక ఎనిమిదిన్నరకు పెట్టుకున్నారు. స్థలం విషయంలో మాత్రం వాళ్లలో వాళ్లకే కాస్త వాదన జరిగింది. గుడి అరుగు విశాలంగా ఉంటుంది, దీపం ఉంటుంది, కాని అక్కడ పెడితే మాలవాడ నుంచి, మాదిగవాడ నుంచి వచ్చినవాళ్లు కిందే నిలబడతారు తప్ప అరుగెక్కి కూర్చోరు. వాడలో ఎవరి వాకిట్లోనైనా పెడితే ఊళ్లోవాళ్లు రారు. చివరకు బడి వరండా ఖాయం చేశారు, ఎందుకంటే పిల్లల పేరు మీద అందరూ అడుగుపెట్టే చోటు ఊళ్లో అదొక్కటే. ఒక ఊరి సామాజిక సమస్యల జాబితా కావాలంటే ముచ్చట పెట్టాల్సిన పని కూడా లేదనీ, ఎక్కడ పెట్టాలో తేల్చుకోబోతే చాలుననీ నాకు ఆ వాదన వింటున్నప్పుడు అనిపించింది.

రేడియో అంటే వినడమేనని మనలో చాలామందికి ఒక అలవాటు ఉంది. పొద్దున్నే విజయవాడ కేంద్రం, పాడిపంటలు, వార్తలు, మధ్యలో సినిమా పాటలు, ఇంట్లో అందరూ తలా ఒక పని చేసుకుంటూ వింటారు. కాని మన దేశంలో ప్రభుత్వ రేడియో ఒకప్పుడు జనాన్ని కూర్చోబెట్టి మాట్లాడించే పనిని కూడా తన పనిగానే తీసుకుంది. 1956లో యునెస్కో సాయంతో ఆకాశవాణి పుణె కేంద్రం రేడియో గ్రామీణ వేదికలు అనే ప్రయోగం చేసింది. ఇప్పటి మహారాష్ట్రలోని ఐదు జిల్లాల్లో సుమారు 150 ఊళ్లను ఎంచుకుని, ఒక్కో ఊళ్లో ఇరవై మంది దాకా సభ్యులతో వేదిక కట్టి, వారానికి రెండుసార్లు అరగంట మరాఠీ కార్యక్రమం ప్రసారం చేశారు. కార్యక్రమం అయిపోగానే రేడియో కట్టేసి, విన్నదాని మీద సభ్యులు చర్చించాలి. చర్చలో వచ్చిన సందేహాలను, అభిప్రాయాలను ఒకరు రాసి కేంద్రానికి పంపాలి. వాటికి జవాబులు తరువాతి కార్యక్రమాల్లో వచ్చేవి. పది వారాల్లో ఇరవై కార్యక్రమాలు నడిచాయి. ఈ ఆలోచనకు మూలం కెనడాలో 1941లో మొదలైన రైతుల రేడియో వేదికలు. చదవడం, వినడం, చర్చించడం, ఆచరించడం అనేది అక్కడి నినాదం. పుణె ప్రయోగం మీద పాల్ న్యూరాత్ అనే సామాజిక శాస్త్రవేత్త పరిశీలన చేసి, వేదికలు ఉన్న ఊళ్లనూ, ఉత్త రేడియో మాత్రమే ఉన్న ఊళ్లనూ, రేడియో లేని ఊళ్లనూ పోల్చి చూసి, వేదికలున్న ఊళ్లలో తెలిసిన విషయాలు బాగా ఎక్కువగా పెరిగాయని తేల్చాడు. తేడా రేడియో పెట్టెలో లేదు, అది కట్టేసిన తరువాత జరిగిన మాటల్లో ఉంది. 1959లో ఈ పద్ధతిని దేశంలోని ఇతర ప్రాంతాలకు విస్తరించారు.

అది ఎందుకు నిలవలేదో చెప్పేవాళ్లు నిధుల గురించి, సిబ్బంది గురించి చెబుతారు. అవన్నీ నిజమే కావచ్చు. నా అనుమానం మాత్రం ట్రాన్సిస్టరు మీద ఉంది. పంచాయతీ ఆఫీసులో ఒకటే రేడియో ఉన్నంతకాలం దాని చుట్టూ ఊరు చేరింది. ట్రాన్సిస్టరు చవకై చూరుకు వేలాడడం, భుజానికి ఎక్కి పొలానికి పోవడం మొదలయ్యాక ఎవరి పాట వాళ్లది అయిపోయింది. వినేవాళ్లు ఎన్నో రెట్లు పెరిగారు, కలిసి వినే అవసరం మాత్రం తీరిపోయింది. ఇప్పుడు ఫోను విషయంలో జరుగుతున్నదీ అదే కదా అని మీరు అనవచ్చు. అవును, అదే.

కూర్చోబెట్టి మాట్లాడించే రేడియో మళ్లీ మన వైపు వచ్చింది ఆడవాళ్ల సంఘాల ద్వారా. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు 2002లో మన రేడియో అనే పేరుతో అతి తక్కువ శక్తి గల చిన్న కేంద్రాన్ని నడిపారు. ఊరు దాటి వినపడనంత చిన్నదైనా, లైసెన్సు లేదన్న కారణంతో కొన్ని నెలలకే 2003లో అది మూతపడింది. అప్పటికి ప్రభుత్వం ఇవ్వడానికి ఒప్పుకున్నది విద్యాసంస్థలకు మాత్రమే. 2002 డిసెంబరులో వచ్చిన ఆ అనుమతితో 2004లో మద్రాసులోని అన్నా విశ్వవిద్యాలయం మొదటి కేంద్రం పెట్టింది. చదువుకున్నవాళ్లు చదువుకుంటున్నవాళ్ల కోసం నడిపే రేడియోకు అనుమతి ముందు దొరికి, తమ మాట చెప్పుకోవడానికి పత్రిక కూడా అందని ఆడవాళ్ల రేడియో మూతపడడం మన వరసక్రమానికి సరిగ్గా సరిపోయింది.

ఆ తలుపు తెరుచుకోవడానికి మూలమైన తీర్పు క్రికెట్ వివాదంలో వచ్చిందంటే ఇప్పటికీ నాకు వింతగానే ఉంటుంది. బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్ర సమాచార ప్రసార శాఖకూ మధ్య మ్యాచుల ప్రసార హక్కుల మీద నడిచిన కేసులో, 1995 ఫిబ్రవరి 9న జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ ఎస్. మోహన్, తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఉన్న సుప్రీంకోర్టు ధర్మాసనం, ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. గాలి ప్రభుత్వానిదీ కాదు, డబ్బున్నవాడిదీ కాదు అన్న మాట కోర్టులో గెలిచింది 1995లో, స్వచ్ఛంద సంస్థలు రేడియో పెట్టుకోవచ్చని విధానం వచ్చింది 2006 నవంబరులో. మధ్యలో పదకొండేళ్లు పోయాయి.

ఆ విధానం వచ్చాక జహీరాబాద్ ప్రాంతంలోని మాచునూరులో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15న, అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినోత్సవం నాడు, 90.4 మీద ప్రసారం మొదలుపెట్టింది. దాన్ని ప్రారంభించినది ఆ తీర్పు ఇచ్చిన జస్టిస్ సావంత్ గారే. ఇద్దరు నర్సమ్మలు, ఒకరు జనరల్ నర్సమ్మ, ఒకరు అల్గోల్ నర్సమ్మ, దాన్ని నడిపినవారిలో ముందు వినపడే పేర్లు. కాని ఆ రేడియో చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చేది లైసెన్సుకు ముందటి కాలం. 1990ల చివరిలో యునెస్కో సాయంతో స్టూడియో వచ్చింది, అనుమతి రాలేదు. అనుమతి లేదు కదా అని వాళ్లు ఊరుకోలేదు. విత్తనాల గురించి, పంటల గురించి, ఇంటి వైద్యం గురించి, ఆడవాళ్ల కష్టసుఖాల గురించి కార్యక్రమాలు చేసి, క్యాసెట్లలోకి ఎక్కించి, సంఘం మీటింగుల్లో టేపురికార్డరు పెట్టి వినిపించుకున్నారు, విన్నాక మాట్లాడుకున్నారు. పుణె ప్రయోగంలో ప్రభుత్వం చేసిన పనినే ఈ ఆడవాళ్లు ప్రభుత్వం ఇవ్వని రేడియోతో చేశారు. గాలిలోకి పోయే హక్కు లేకపోయినా చుట్టూ కూర్చునే హక్కును ఎవరూ తీసుకోలేదు.

అదే సంఘాలు ఏటా సంక్రాంతి నుంచి నెల రోజులపాటు చేసే పాత పంటల జాతరలోనూ ఆ పద్ధతే కనిపిస్తుంది. అలంకరించిన ఎడ్లబండ్ల మీద జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, అవిసె విత్తనాలు పెట్టుకుని డప్పులతో ఊరూరూ తిరుగుతారు, ప్రతి ఊళ్లో బండ్లు ఆపి కూర్చుని మాట్లాడతారు. నీళ్లు కట్టకుండా మంచుకే పండే పంటలను ఆ ప్రాంతపు ఆడవాళ్లు సత్యం పంటలు అంటారు. అలాంటి మాట ఒకటి ఏ వ్యవసాయ నిపుణుడి ఉపన్యాసంలోనూ పుట్టదు, బండి చుట్టూ కూర్చున్న ముచ్చటలోనే బయటికి వస్తుంది. రేడియో పని ఆ మాటను పట్టుకోవడమే.

మళ్లీ మా బడి వరండాకు వస్తాను. మొదటి అరగంట అందరూ చెప్పింది దూరం గురించే. ఊళ్లో బడి ఏడో తరగతి దాకే ఉంది, ఎనిమిదికి మండల కేంద్రానికి పోవాలి, పల్లెవెలుగు బస్సు పొద్దున ఒకటి ఉంది, సాయంత్రం వచ్చేది ఆరున్నర దాటాక గాని రాదు. చీకటి పడ్డాక ఆడపిల్ల బస్సు దిగడం ఎట్లా అన్నారు. ఇదంతా తెలిసిన సంగతే. అప్పుడు ప్రశ్నలు అడుగుతున్న అమ్మాయి, ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు, చాలా మామూలుగా, "బస్సు ఊళ్లెకే వస్తది కదక్కా, బస్టాండు నుంచి ఇంటికి నాలుగు అడుగులే కద, చీకటైతే ఏం?" అని అడిగింది.

ఎవరూ మాట్లాడలేదు. నేను ఎత్తి రాసేటప్పుడు ఆ మౌనాన్ని గడియారం పెట్టి కొలిచాను: పందొమ్మిది సెకన్లు. రేడియోలో పందొమ్మిది సెకన్ల మౌనం అంటే వినేవాడు బ్యాటరీ అయిపోయిందేమో అనుకుంటాడు. ఆ తరువాత గోనెసంచి తెచ్చిన పెద్దావిడే, ఎవరివైపూ చూడకుండా, ఆ నాలుగు అడుగుల్లో ఏముందో చెప్పింది. బస్సు ఆగే చోట కిరాణా కొట్టు వెనక బెల్టు షాపు ఉంది, ఆరు దాటితే దాని ముందు బల్లల మీద పది పదిహేను మంది కూర్చుని ఉంటారు, వాళ్లలో ఆ వరండాలో కూర్చున్నవాళ్ల భర్తలూ ఉంటారు, కొడుకులూ ఉంటారు. దూరం మండల కేంద్రానికి కాదు, బస్టాండుకు. అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డ ఇద్దరు మగవాళ్లు మాట్లాడకుండా చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. తరువాతి గంటసేపు మాటలు ఎవరూ ఆపలేకపోయారు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం మొదలైంది కూడా ఇలాంటి రాత్రి కూడికల్లోనేనన్న సంగతి నాకు అప్పుడు గుర్తుకొచ్చింది. అక్షరాస్యత తరగతులకని చేరిన ఆడవాళ్లు వాచకంలోని పాఠం మీద మాట్లాడుకుంటూ తమ ఊరి సారా దుకాణం దగ్గరికి వచ్చారు. ఆ మాట జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అయ్యేదాకా పోయింది. అక్కడ నడిపించింది వాచకం, ఇక్కడ మైకు. రెండూ సాకులే. ఊరికే కూర్చుని ఈ విషయం మాట్లాడుకుందాం రండి అంటే ఎవరూ రారు, ఆడవాళ్లు పని మానుకుని ఊరికే కూర్చోవడానికి మన ఊళ్లలో మర్యాదైన కారణం ఒకటి ఉండాలి.

ఇక కష్టమంతా ఎడిటింగులో వచ్చింది. గంటా యాభై రెండు నిమిషాల మాటలను ఇరవై ఎనిమిది నిమిషాల కార్యక్రమం చేయాలి. కమ్యూనిటీ రేడియోలకు ఉన్న నిబంధనల ప్రకారం వార్తలు, వర్తమాన రాజకీయ విషయాలు ప్రసారం చేయకూడదు. ఆకాశవాణి వార్తలను ఉన్నవి ఉన్నట్టు తిరిగి వినిపించుకునే వెసులుబాటు మాత్రం తరువాత ఇచ్చారు. వాతావరణం, కరెంటు సరఫరా, నీటి సరఫరా, పరీక్షల సమాచారం వంటివి వార్తల కిందికి రావు. అంటే రేపు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పవచ్చు. రోజూ ఎందుకు పోతోందో అడిగితే అది దేని కిందికి వస్తుందన్నది చెప్పేవాడిని బట్టి ఉంటుంది. మరి ఊళ్లో అనుమతి లేని మద్యం దుకాణం ఉందని ఒక ఆడమనిషి తన నోటితో చెబితే అది వార్తా, అనుభవమా, ఆరోపణా? రేడియో నడిపే కమిటీలో దీని మీద రెండు రోజులు మాటలు జరిగాయి. లైసెన్సు పోతే ఉన్న గొంతు కూడా పోతుందని ఒకరు అన్నారు. ఆ మాట తీసేస్తే మిగిలేది మొదటి మీటింగులోని ఉపన్యాసమేనని ఇంకొకరు అన్నారు. ఇద్దరి మాటలోనూ నాకు న్యాయం కనిపించింది, అయినా రెండోవారి వైపే చేయెత్తాను. చివరకు దుకాణం ఎవరిదో, ఎక్కడుందో తెలిసే మాటలన్నీ తీసేసి, "ఆ నాలుగు అడుగులు" అన్న మాటను, దాని ముందున్న మౌనాన్ని ఉంచారు. పందొమ్మిది సెకన్లు ఉంచడానికి ధైర్యం చాలక ఏడుకు కుదించారు. ఊరివాళ్లకు అంత చాలు, వినగానే అర్థమవుతుంది. ఊరు కానివాళ్లకు అది ఏ ఊరైనా కావచ్చు. ఆ రేడియో వినపడేదే చుట్టూ పదిహేను ఇరవై కిలోమీటర్లు కనుక, ఆ పరిధిలో అలాంటి నాలుగు అడుగులు లేని ఊళ్లు ఎన్ని ఉంటాయో లెక్క పెట్టుకోవడం కష్టం కాదు.

ప్రసారమైన రాత్రి మళ్లీ అదే వరండాలో, ఒక సౌండుబాక్సు పెట్టి, అందరూ కలిసి విన్నారు. ఈ రెండో కూడిక చాలా రేడియోలు చేయవు. కార్యక్రమం గాలిలోకి వెళ్లగానే పని అయిపోయిందనుకుంటాయి. నా లెక్కలో అసలు పని ఆ రోజే జరుగుతుంది. మొదటిసారి ఒక్కొక్కరూ తమ మాట చెబుతారు, రెండోసారి అందరి మాటలూ ఒకదాని పక్కన ఒకటి చేరి వినపడతాయి కనుక, ఎవరికి వారు తమ ఇంటి గొడవ అనుకున్నది ఊరి గొడవగా చెవిన పడుతుంది. ఆ రాత్రి మగవాళ్లు కూడా పదిమంది దాకా వచ్చారు, చెప్పులు వేసుకుని వెళ్లిపోయిన ఇద్దరిలో ఒకరు కూడా వచ్చి చివరిదాకా కూర్చున్నారు. ఏడు సెకన్ల మౌనం వచ్చినప్పుడు వరండాలో ఎవరో చిన్నగా దగ్గారు. అయ్యాక డిపో మేనేజరుకు అర్జీ రాయాలని తేల్చి, ఎనిమిదో తరగతి ఆపేసిన అమ్మాయి చేతే రాయించారు. తొంభై మూడు సంతకాలు, పదకొండు వేలిముద్రలు.

ఇది జరిగి ఏడు నెలలైంది. సాయంత్రం బస్సు ఇప్పుడు ఐదు గంటల పది నిమిషాలకు వస్తోంది, వానాకాలంలో కాస్త అటూ ఇటూ అవుతుంది. బడి మానేసిన ఆరుగురు ఆడపిల్లల్లో నలుగురు మళ్లీ పోతున్నారు. ఒకరికి ఈలోగా పెళ్లి కుదిరిపోయింది, ఇంకొకరి ఇంట్లో చిన్నపిల్లలను చూసుకునేవాళ్లు లేరు. బెల్టు షాపు పోలేదు, కిరాణా కొట్టు వెనక నుంచి వాటర్ ట్యాంకు వెనకకు మారింది, అంటే బస్సు ఆగే చోటుకు కనబడదు గాని వెళ్లేవాళ్లకు దారి తెలుసు. దాని మీద ఇంకో ముచ్చట పెట్టాలని రేడియో అమ్మాయిలు అడిగితే, పెడదాం గాని పత్తి ఏరడం అయ్యేదాకా మాకు రాత్రిళ్లు నిద్రే చాలదని ఆడవాళ్లు చెప్పారు. గోనెసంచి మాత్రం అప్పటి నుంచి రికార్డరు సంచిలోనే ఉంటోంది.